ఎక్స్‌రేలో కనిపించని నొప్పి: ఫైబ్రోమయాల్జియాలో నరాలు ఏం చేస్తాయి

నల్లగొండ జిల్లాలో ఎవరైనా ఒళ్లంతా నొప్పులంటే మొదటి అనుమానం నీళ్ల మీదికే పోతుంది. అలా పోవడంలో తప్పు లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి మనుషుల ఎముకలను పాడు చేసింది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడి చాలా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నడుము వంగిపోయి లేవలేని పెద్దలను, మెడ తిప్పలేని నడివయసు వాళ్లను, కాళ్లు వంకర పోయిన పిల్లలను ఈ ఊళ్లు కళ్లారా చూశాయి. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుందంటే ఈ బాధ ఎంత పాతదో, ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఈ చరిత్ర మన మీద ఇంకో ముద్ర కూడా వేసింది. కంటికి కనిపించే వంకరో, ఎక్స్‌రేలో గట్టిపడి తెల్లగా కనిపించే ఎముకో ఉంటేనే రోగం ఉన్నట్టు లెక్క. ఎక్స్‌రే బాగుంటే మనిషి కూడా బాగున్నట్టే.

మునుగోడు వైపు పత్తి ఏరడానికి పోయే 42 ఏళ్ల ఆడమనిషిని ఊహించుకోండి. రెండేళ్లుగా "పెయ్యంత గుంజుతుంది" అంటోంది. మెడ, భుజాలు, నడుము, తొడలు. ఫలానా చోట అని వేలు పెట్టి చూపలేదు. రాత్రి తొందరగానే పడుకుంటుంది గానీ పొద్దున అసలు నిద్రే పోనట్టు లేస్తుంది. మనవరాలు వచ్చి వాటేసుకున్నా నొప్పే. ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో మాట మరిచిపోతుంది. ఎక్స్‌రే తీయిస్తే బాగుంది. రక్త పరీక్షలు బాగున్నాయి. "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు డాక్టర్. ఇంటికి వస్తే ఆడబిడ్డ "ఏం లేదన్నరు గదా వదినా, మరి ఇంకేం నొప్పి?" అంటుంది. భర్త పైకి ఏమీ అనడు గానీ, పొద్దున లేస్తే ఇదే ముచ్చట అని ముఖం తిప్పుకుంటాడు.

ఆమెకు ఉన్నది ఫైబ్రోమయాల్జియా కావచ్చు. ప్రపంచ జనాభాలో సుమారు 2 నుంచి 4 శాతం మందికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. ఆడవాళ్లలో ఎక్కువ, మగవాళ్లకూ వస్తుంది. "ఏం లేదు" అన్న ఆ మాట ఎందుకు తప్పో వివరంగా చెప్పాలన్నదే నా ప్రయత్నం. ఆ మనిషిలో మార్పు వచ్చింది. ఎముకలోనో కీలులోనో కాదు, నొప్పిని మోసే, కొలిచే, అదుపు చేసే నరాల వ్యవస్థలో వచ్చింది. ఆ మార్పును పరిశోధకులు రకరకాలుగా కొలిచి చూశారు కూడా. అది మామూలు ఎక్స్‌రేకు అందదు, అంతే.

ముల్లు గుచ్చుకుంటే ఏం జరుగుతుంది

చెడిపోయిన దారి తెలియాలంటే మంచి దారి ఎలా ఉంటుందో ముందు చూడాలి. పొలం గట్టు మీద నడుస్తుంటే కాలిలో తుమ్మముల్లు దిగింది. చర్మంలో, కండరాల్లో, కీళ్లలో సన్నటి నరాల కొసలు ఉంటాయి. వీటిని నోసిసెప్టార్లు అంటారు. గట్టి ఒత్తిడి, వేడి, దెబ్బ తిన్న కణాల నుంచి కారే రసాయనాలు తగిలితే ఇవి మేల్కొంటాయి. వీటిలో రెండు రకాల తంతువులు ముఖ్యం. ఎ-డెల్టా తంతువులకు పలుచని పూత ఉంటుంది, సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో కబురు పంపుతాయి. సి-తంతువులకు పూత ఉండదు, సెకనుకు మీటరు అటూఇటూ మాత్రమే. అందుకే ముల్లు దిగగానే ముందు చురుక్కుమంటుంది, ఆ తర్వాత కాస్త ఆగి సలుపు మొదలవుతుంది. రెండూ ఒకే ముల్లు పనే.

ఈ కబురు ముందుగా వెన్నుపాముకు చేరుతుంది. అక్కడ వెనుక భాగంలో, డోర్సల్ హార్న్ అనే చోట, మొదటి నరకణం రెండో నరకణానికి కబురు అందిస్తుంది. గ్లుటమేట్, సబ్‌స్టెన్స్ పి అనే రసాయనాలు ఈ పని చేస్తాయి. ఆ రెండో నరకణం వెన్నుపాములో అవతలి పక్కకు దాటి మెదడు లోపలి థాలమస్ దాకా వెళుతుంది. అక్కడి నుంచి మెదడులో చాలా భాగాలకు సమాచారం పంచబడుతుంది. ఒక భాగం నొప్పి ఒంట్లో ఎక్కడుందో, ఎంత ఉందో చెబుతుంది. ఇన్సులా, యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగాలు ఆ నొప్పి ఎంత బాధపెడుతోందో, ఎంత భయపెడుతోందో తేలుస్తాయి. మెదడులో 'ఇదిగో, ఇదే నొప్పి కేంద్రం' అని చూపించగలిగిన చోటు ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక మాట నిదానంగా ఆలోచించాలి. కాలి నుంచి పైకి పోయేది నొప్పి కాదు. 'ఇక్కడ ఏదో ప్రమాదం ఉంది' అనే సమాచారం. దాన్ని నొప్పిగా తయారు చేసేది మెదడు. ఈ మాట విని చాలామంది "అంటే నొప్పి అంతా మనసు కల్పించుకున్నదేనా?" అని నొచ్చుకుంటారు. కాదు. ముల్లు గుచ్చుకున్న నొప్పి కూడా మెదడు తయారు చేసిందే. పురిటి నొప్పీ అంతే, పంటి నొప్పీ అంతే. మెదడు తయారు చేయని నొప్పి అంటూ మనిషికి లేదు. కాబట్టి ఫైబ్రోమయాల్జియా నొప్పి మెదడులో తయారవుతుందని చెబితే అది ఉత్తుత్తి నొప్పి అయిపోదు.

కిందికి వచ్చే ఆజ్ఞలు

నరాల వ్యవస్థ గురించి మనకు తక్కువగా తెలిసిన సగం ఇది. సమాచారం కింది నుంచి పైకి మాత్రమే పోదు. పై నుంచి కిందికి కూడా ఆజ్ఞలు వస్తాయి. ఎద్దు పొడవడానికి వెంట పడితే కాలిలో ముల్లు ఉన్న సంగతే తెలియకుండా పరుగెత్తుతాం. గట్టు ఎక్కి నిలబడ్డాక గానీ నొప్పి తెలియదు. ముల్లు అప్పటిదాకా గుచ్చుకునే ఉంది, సి-తంతువులు కబురు పంపుతూనే ఉన్నాయి. కానీ మెదడు కాండంలోని కొన్ని కణాల గుంపులు వెన్నుపాముకు 'ఇప్పుడు ఆపు' అని ఆజ్ఞ పంపాయి. ఈ ఆజ్ఞలు సెరటోనిన్, నార్అడ్రినలిన్ అనే రసాయనాల ద్వారా, మన ఒంట్లోనే తయారయ్యే నల్లమందు లాంటి పదార్థాల ద్వారా నడుస్తాయి.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పికి ఒక గేటు లాంటిది ఉందని, అది తెరుచుకునే తీరును బట్టి నొప్పి పెరుగుతుంది, తగ్గుతుంది అని ప్రతిపాదించారు. వాళ్లు గీసిన బొమ్మలోని వివరాలు తర్వాత చాలా మారాయి గానీ అసలు ఆలోచన నిలబడింది. మన చెరువుల కింద నీరటి ఉండేవాడు. చెరువులో ఎన్ని నీళ్లున్నా ఏ మడికి ఎంత పారాలో తూము దగ్గర అతను తేల్చేవాడు. వెన్నుపాము దగ్గర మెదడు చేసేది నీరటి పనే. ఫైబ్రోమయాల్జియాలో చెరువులోకి కొత్తగా వరద వచ్చిందని అనుకోవాల్సిన పని లేదు. తూము దించాల్సిన చెయ్యి సరిగ్గా దించడం లేదు. ఉన్న కాస్త నీరే మడిని ముంచుతోంది.

దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. మనిషి ఒక చేతిని చల్లటి నీళ్లలో పెట్టించి, అదే సమయంలో ఒంట్లో ఇంకో చోట ఒత్తి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మొదటి నొప్పి వల్ల రెండోది తగ్గుతుంది, పై నుంచి వచ్చే ఆజ్ఞలు ఒళ్లంతటా పని చేస్తాయి కాబట్టి. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లలో సగటున ఈ తగ్గుదల చాలా తక్కువ. కొందరిలో అసలు కనిపించదు.

చిన్న నొప్పి పెద్దదయ్యే తీరు

ఆపే ఆజ్ఞలు తగ్గడం ఒక సగమైతే, కబురు మోసే కణాలే అతిగా స్పందించడం ఇంకో సగం. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త జంతువుల మీద చేసిన ప్రయోగంలో ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టాడు. గాయం తర్వాత వెన్నుపాములోని నరకణాల తీరే మారిపోతుంది. గాయం లేని చోట తాకినా అవి స్పందిస్తాయి, మెల్లగా తాకినా గట్టిగా కొట్టినట్టు స్పందిస్తాయి. దీన్ని సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. మామూలుగా ఇది కొన్నాళ్లుండి పోతుంది. కాలు బెణికినప్పుడు చుట్టుపక్కల కూడా ముట్టుకోనివ్వకపోవడం ఇలాంటిదే, దెబ్బ తగిలిన చోటును కాపాడుకోవడానికి ఒంటికి అది పనికొస్తుంది. పోవాల్సిన సమయంలో పోకుండా, కాపాడుకోవడానికి ఏ గాయమూ లేకుండా ఉండిపోతేనే అది జబ్బు.

ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ల మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవాన్ని పరీక్షించినప్పుడు సబ్‌స్టెన్స్ పి మామూలు మనుషుల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. 2002లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ఇంకా స్పష్టమైనది. బొటనవేలి గోరు మీద ఒత్తుతూ, మెదడులో ఏ భాగాలు చురుకవుతున్నాయో ఎంఆర్‌ఐ స్కానర్‌లో చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఫలానా స్థాయి నొప్పి కలగడానికి ఎంత ఒత్తిడి కావాల్సి వచ్చిందో, అందులో సగానికి కాస్త పైన ఉన్న ఒత్తిడికే ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లకు అంత నొప్పి కలిగింది. వాళ్లు నోటితో అలా చెప్పడమే కాదు, మెదడులోని నొప్పి భాగాలు కూడా ఆ మేరకు చురుకయ్యాయి. "ఆమె ఎక్కువ చేసి చెబుతోంది" అనే ఇంటి మాటకు ఇంతకంటే మంచి సమాధానం నాకు తెలియదు. ఆమె ఎంత చెబుతోందో ఆమె మెదడు అంతే చూపిస్తోంది.

పని చేసుకుని బతికే మనుషులు తప్పకుండా తెలుసుకోవాల్సిన లక్షణం ఇంకొకటి ఉంది. ఒకే రకమైన చిన్న నొప్పిని రెండు మూడు సెకన్లకొకసారి మళ్లీ మళ్లీ కలిగిస్తే వెన్నుపాములో స్పందన ఒక్కోసారికి పెరుగుతూ పోతుంది. ఇది అందరిలోనూ కొంత ఉంటుంది. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువగా పెరుగుతుంది, ఆపేశాక కూడా తొందరగా దిగదు. ఈ ప్రయోగాలు ప్రయోగశాలల్లో చర్మం మీద వేడి తగిలిస్తూ చేసినవి. పత్తి చేలో అరచేతి కదలిక, నాట్లలో నడుము వంపు కూడా గంటల తరబడి మళ్లీ మళ్లీ జరిగేవే. మొదటి గంటలో ఓర్చుకోగలిగిన పని మూడో గంటకు ఎందుకు ఓర్చుకోలేనిదవుతుందో, ఇంటికొచ్చి పడుకున్నాక కూడా ఒళ్లు ఎందుకు మండుతుందో ఇది చాలావరకు వివరిస్తుందని నాకు అనిపిస్తుంది. పక్క సాలులో ఉన్న మనిషి అదే పని చేసి నవ్వుతూ ఇంటికి పోతుంది. ఇద్దరి చేతులకూ తగిలిన శ్రమ ఒకటే, ఇద్దరి వెన్నుపాములు దాన్ని లెక్కించిన తీరు వేరు.

ఒంట్లో తయారయ్యే నొప్పి నివారణ పదార్థాల సంగతి మరీ విచిత్రం. వీళ్లలో అవి తక్కువగా ఉండొచ్చని మొదట అనుకునేవారు. అలా తేలలేదు. ఆ పదార్థాలు వచ్చి అతుక్కోవాల్సిన మెదడులోని గ్రాహకాలు కొన్ని భాగాల్లో ఖాళీగా దొరకడం లేదని 2007లో స్కాన్‌ల ద్వారా తేలింది. బయటి నుంచి మార్ఫిన్ జాతి మందులు ఇచ్చినా వీళ్లకు పెద్దగా ఉపయోగం లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

గమనిస్తే ఈ జబ్బు ఉన్నవాళ్లు నొప్పి ఒక్కటే చెప్పరు. పెళ్లిలో డీజే శబ్దం భరించలేరు, ఎండ వెలుగు పడదు, పోపు ఘాటుకు తల తిరుగుతుంది. కండరం చెడిపోతే వెలుగు ఎందుకు ఇబ్బంది పెడుతుంది? లోపలికి వచ్చే ప్రతి సమాచారాన్నీ మెదడు పెద్దది చేసుకుంటోందని అనుకుంటేనే ఇవన్నీ ఒక దగ్గరికి వస్తాయి. ఇన్సులా అనే భాగం ఒంటి సమాచారాన్నీ బయటి సమాచారాన్నీ కలిపి తూచే చోటు. వీళ్లలో అక్కడ గ్లుటమేట్ ఎక్కువగా ఉన్నట్టు కూడా గుర్తించారు.

నిద్ర

నిద్ర పట్టకపోవడం నొప్పి వల్లే అనుకుంటాం. సగం నిజమే. 1975లో కెనడాలో హార్వే మోల్డోఫ్‌స్కీ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లను తీసుకుని, వాళ్లు గాఢనిద్రలోకి పోయినప్పుడల్లా పూర్తిగా లేవకుండానే శబ్దంతో కదిలించింది. కొద్ది రాత్రులకే వాళ్లకు ఒళ్లు నొప్పులు, ముట్టుకుంటే నొప్పి మొదలయ్యాయి. గాఢనిద్రను మళ్లీ పోనిచ్చాక తగ్గాయి. అంటే నొప్పి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర నొప్పిని పెంచుతుంది. రాత్రి మూడు గంటలకు కరెంటు వస్తే మోటారు వేయడానికి చేలోకి పరుగెత్తిన రోజుల్ని చూసిన రైతు కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి తెగిపోయిన నిద్ర నరాల మీద పడకుండా ఎలా ఉంటుంది?

ఎందుకు వస్తుంది

ఒక్క కారణం లేదు. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉంటే వచ్చే అవకాశం చాలా రెట్లు పెరుగుతుంది కాబట్టి జన్యువుల పాత్ర ఉంది. ప్రమాదంలో తగిలిన దెబ్బ, వైరస్ జ్వరం, కాన్పు తర్వాతి కష్టకాలం, ఏళ్ల తరబడి మనసులో మోసిన భయం లేదా హింస మొదలుకావడానికి తోడు కావచ్చు. చికున్‌గున్యా వచ్చి పోయాక నెలల తరబడి నొప్పులతో ఉండిపోయిన వాళ్లలో కొందరికి ఈ లక్షణాలే కనిపించాయి.

నరాల వ్యవస్థ కేంద్రంలోనే అంతా ఉందని కూడా అనలేం. కొందరి చర్మం ముక్క తీసి చూస్తే సన్నటి నరాల కొసలు తగ్గిపోయి ఉన్నాయి. 2021లో లండన్, లివర్‌పూల్ పరిశోధకులు ఇంకో ఆశ్చర్యకరమైన ఫలితం ప్రకటించారు. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే ఆ ఎలుకలు ఒత్తిడికి, చలికి అతిగా స్పందించాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల యాంటీబాడీలకు అలా జరగలేదు. అంటే కొందరిలోనైనా రోగనిరోధక వ్యవస్థకు ఇందులో చెయ్యి ఉండొచ్చు. ఈ పేరు కింద ఒకటి కంటే ఎక్కువ జబ్బులే ఉండొచ్చని అనుమానించేవాళ్లు ఉన్నారు, నాకూ ఆ అనుమానం సబబుగానే తోస్తుంది.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంస్థ 2017లో నొప్పుల్లో మూడో రకాన్ని గుర్తించింది. దెబ్బ, వాపు వల్ల వచ్చేది ఒకటి. షుగర్ జబ్బులో లాగా నరమే దెబ్బతినడం వల్ల వచ్చేది రెండోది. స్పష్టమైన గాయమూ నరం దెబ్బా లేకుండా, నొప్పిని నడిపే తీరే మారడం వల్ల వచ్చేది మూడోది, దాన్ని నోసిప్లాస్టిక్ నొప్పి అన్నారు. ఫైబ్రోమయాల్జియా దీనికి ముఖ్య ఉదాహరణ.

ఫ్లోరోసిస్ ఉన్న చోట

మళ్లీ మన జిల్లా సంగతికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ ఈ మూడు రకాలూ ఒకే మనిషిలో కలిసి ఉండొచ్చు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌లో ఎక్స్‌రే స్పష్టంగా చెబుతుంది. ఎముక మామూలు కంటే గట్టిపడి ఉంటుంది, స్నాయువులు సున్నం పట్టినట్టు అవుతాయి, ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర కూడా గట్టిపడుతుంది. వెన్ను వంగదు, ముదిరితే నరాలు నొక్కుకుపోయి కాళ్లు పడిపోవచ్చు. ఫైబ్రోమయాల్జియాలో ఇవేవీ ఉండవు. వెన్ను వంగుతుంది గానీ వంగితే నొప్పి.

అయితే ఒకటి ఉంటే రెండోది ఉండదని అనుకోవడం పెద్ద పొరపాటు. ఏళ్ల తరబడి కీళ్ల నుంచి వస్తూనే ఉన్న కబుర్లే వెన్నుపామును అతి స్పందనలోకి నెట్టగలవు. కీళ్లు వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో సుమారు 20 శాతం మందికి ఫైబ్రోమయాల్జియా కూడా ఉంటుంది. వాపు తగ్గినా కొందరికి నొప్పి తగ్గకపోవడానికి అదొక కారణం. ఫ్లోరోసిస్‌తో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి నరాలకు మాత్రం అలా జరగదని అనుకోవడానికి నాకు కారణమేమీ కనిపించదు. మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లల ఎముకలకు ఆ ప్రమాదం తగ్గుతుంది. పాత నొప్పులతో బతుకుతున్న పెద్దవాళ్లకు నీళ్లు మారినంత మాత్రాన నరాలు మారవు. వాళ్ల నొప్పిని కొత్తగా తూచి చూసేవాళ్లు కావాలి.

2016లో సవరించిన నిర్ధారణ ప్రమాణాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వేరే జబ్బు ఉన్నా సరే ఫైబ్రోమయాల్జియా ఉందని చెప్పొచ్చు. 1990 నాటి పద్ధతిలో ఒంటి మీద 18 చోట్ల వేలితో నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటే జబ్బు ఉన్నట్టు తేల్చేవారు. ఇప్పుడు ఒంటిని 19 ప్రాంతాలుగా చూసి ఎన్ని చోట్ల నొప్పి ఉందో అడుగుతారు. అలసట, నిద్ర తీరని లేవడం, మతిమరుపు ఎంత ఉన్నాయో లెక్కిస్తారు. నొప్పి ఒళ్లంతటా విస్తరించి, కనీసం మూడు నెలలుగా ఉండాలి. దీనికి ప్రత్యేకమైన రక్త పరీక్ష లేదు. రక్త పరీక్షలు మిగతా కారణాల కోసం. థైరాయిడ్, విటమిన్ డి, రక్తం శాతం, వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ తప్పకుండా చూడాలి. విటమిన్ డి బాగా తగ్గితే ఎముకలు మెత్తబడి అచ్చం ఇలాంటి నొప్పులే వస్తాయి, దానికి మందు వేరు.

సూదులు, గోలీలు, నడక

ఊళ్లో నొప్పులకు జరిగే వైద్యం అందరికీ తెలిసిందే. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, సెలైన్ బాటిల్, నొప్పుల గోలీలు. పని చేసుకుంటే గానీ పూట గడవని మనిషి రేపటి కూలీ పోకూడదని సూది వేయించుకుంటుంది. ఆమెను తప్పుపట్టలేను. కానీ ఈ జబ్బులో వాపు లేదు, అందువల్ల వాపు తగ్గించే డైక్లోఫెనాక్ లాంటి గోలీలకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. స్టెరాయిడ్ సూదులు కూడా ఈ నొప్పిని నయం చేయవు. నొప్పుల గోలీలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఫ్లోరైడ్‌ను ఒంట్లోంచి బయటికి పంపేవి ఆ కిడ్నీలే. అవి మందగిస్తే ఫ్లోరైడ్ ఎముకల్లో ఇంకా పేరుకుంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ప్రాంతంలో నొప్పుల గోలీ మిగతా చోట్ల కంటే ప్రమాదకరం అనడానికి ఇది చాలు.

పని చేసే మందులు నరాల మీద పని చేసేవే. ప్రీగాబలిన్ వెన్నుపాములో గ్లుటమేట్, సబ్‌స్టెన్స్ పి విడుదలను తగ్గిస్తుంది. అమెరికా ఔషధ సంస్థ 2007లో ఫైబ్రోమయాల్జియాకు మొదటిసారి అనుమతించిన మందు అదే. 2008లో అనుమతి పొందిన డ్యులోక్సెటిన్ సెరటోనిన్, నార్అడ్రినలిన్‌లను నిలబెట్టి పై నుంచి వచ్చే ఆజ్ఞలకు బలం ఇస్తుంది. రాత్రిపూట చాలా తక్కువ మోతాదులో ఇచ్చే అమిట్రిప్టిలిన్ నిద్రకు, నొప్పికి రెండింటికీ కొంత సాయపడుతుంది. డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ చీటీ మీద చూసి "ఇవి పిచ్చికి ఇచ్చే మందులంట" అని మెడికల్ షాపులో ఎవరో అంటే మానేసినవాళ్లు ఉన్నారు. డిప్రెషన్‌కు వాడే మందులు ఇక్కడ పని చేయడానికి కారణం, రెండు చోట్లా అవే రసాయనాలు ఉండడం. ఇవి కూడా అందరికీ పని చేయవు, కొందరికి మగత, బరువు పెరగడం లాంటి ఇబ్బందులు తెస్తాయి. డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టకూడదు, ఉన్నట్టుండి ఆపకూడదు.

మందులన్నిటి కంటే గట్టి ఆధారం ఉన్నది వ్యాయామానికి. కీళ్ల జబ్బుల యూరోపియన్ నిపుణుల సంఘం ఇచ్చిన సూచనల్లో 'గట్టిగా సిఫార్సు చేస్తున్నాం' అనే మాట దక్కింది దీనికొక్కదానికే. ఇక్కడే మన దగ్గర మాట తెగిపోతుంది. "రోజంతా చేన్ల వంగి పని చేస్త, ఇంకా ఎక్సర్‌సైజ్ ఏంది సారూ?" అని అడిగితే ఏ డాక్టర్ దగ్గరైనా జవాబు ఉండాలి. జవాబు ఉంది. కూలి పని వ్యాయామం కాదు. ఒకే భంగిమలో, ఒకే కదలికను, ఒంటికి చాలు అనిపించినా ఆపే వీలు లేకుండా చేసేది కూలి. అది వెన్నుపాములో నొప్పిని పోగు చేసే రకం శ్రమ. చేతులూపుకుంటూ చదును దారిలో పది నిమిషాలు నడవడం, దాన్ని వారానికి కొద్దిగా పెంచుకుంటూ పోవడం వేరు. మొదట్లో అది కూడా నొప్పిని పెంచినట్టే ఉంటుంది. నొప్పి పెరిగింది కాబట్టి ఏదో విరిగిందని, అరిగిందని అనుకుని మానేస్తారు. ఏమీ విరగలేదని, నరాలకు కదలిక అలవాటు కావడానికి వారాలు పడుతుందని ముందే చెప్పినవాళ్లకు నిలదొక్కుకోవడం సులువవుతుంది.

పనిని పంచుకోవడం కూడా వైద్యంలో భాగమే, దాని గురించి ఇంట్లో మాట్లాడాలి. ఒంట్లో బాగున్న రోజు మిగిలిన పనంతా ఒకేసారి చేసేసి, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలా మామూలు. రెండు సాళ్ల తర్వాత కాసేపు నిలబడి నడుము చాపడం, వంగే పనికీ నిలబడే పనికీ మధ్య మారుతూ ఉండడం, ఇంట్లో నీళ్ల బిందెలు మోయడం ఇంకొకరు తీసుకోవడం, ఇలాంటివి గోలీ కంటే తక్కువేమీ కాదు. ముఠా మేస్త్రి ఒప్పుకోవాలి, ఇంట్లో మగవాళ్లు ముందుకు రావాలి. "ఏం లేదు" అని చెప్పి పంపిన డాక్టర్ ఈ జబ్బు పేరును ఒక కాగితం మీద రాసి, ఇంటి నుంచి వచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టి రెండు నిమిషాలు వివరిస్తే ఇంట్లో ఈ మాట కదలడం సులువవుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు పట్టణాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు నొప్పి ఎక్కడెక్కడ ఉందో, ఎన్ని నెలలుగా ఉందో, నిద్ర ఎలా ఉందో, ఇప్పటిదాకా ఏ సూదులు ఏ గోలీలు వాడారో రాసుకుని, పాత చీటీలు, ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లాలి.